పచ్చళ్ల వ్యాపారానికి 1800 నంబర్ తీసుకోవాలా?

తణుకు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. భార్యాభర్తలిద్దరూ ఇంటి దగ్గరే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నారు. ఆర్డర్లన్నీ ఫోన్‌లో, వాట్సాప్‌లో వస్తాయి. సరుకు కొరియర్‌లో హైదరాబాద్, బెంగళూరు వెళ్తుంది, కొంత అమెరికాకి కూడా. ఒక ఏజెంట్ వచ్చి 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్ పెట్టుకోండి, ఏడాది డబ్బు ముందే కడితే తగ్గిస్తాను అంటున్నాడు. ఫోన్ ఉచితమైతే ఎక్కువమంది చేస్తారని, జనానికి పెద్ద కంపెనీలా కనిపిస్తారని, సీసా మీద అలాంటి నంబర్ వేయడం చట్టప్రకారం తప్పనిసరని మూడు మాటలు చెప్పాడట. కట్టాలా, మానాలా?

మీకైతే ఇప్పుడు వద్దండి. విజయవాడలో చిన్న చిన్న కంపెనీలకి, షాపులకి ఫోన్ లైన్లు, కాల్ సిస్టమ్‌లు పెట్టించడమే నా పని. టోల్‌ఫ్రీ పెట్టించి ఇచ్చినవాళ్లూ ఉన్నారు, వద్దని చెప్పి వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు. మీకు ఎందుకు వద్దంటున్నానో, ఎవరికి కావాలో రెండూ చెప్తాను. రేపు మీ వ్యాపారం ఇంకో రూపు తీసుకుంటే అప్పుడు మీరే నిర్ణయించుకోవచ్చు.

ముందు ఆ మొదటి మాట చూద్దాం. ఎస్టీడీ బూత్‌లో మీటర్ వైపు చూసుకుంటూ మాట్లాడిన రోజుల్లో టోల్‌ఫ్రీకి గొప్ప విలువ ఉండేది. హైదరాబాద్‌లో ఉన్న మనిషి తణుకు ఫోన్ చేసి ‘గోంగూర ఉందా, కిలో ఎంత’ అని అడగడానికే డబ్బు అయ్యేది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఆ లెక్క మొత్తం తలకిందులైంది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కాల్ వెళ్తే కట్టుకునే ఇంటర్‌కనెక్ట్ చార్జీని కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2021 జనవరి 1 నుంచి సున్నా చేసింది. డేటా అక్కర్లేని పెద్దవాళ్ల కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో చెప్పింది. ఇప్పుడు ప్యాక్ నడుస్తున్న ఫోన్ చేతిలో ఉన్న మనిషికి దేశంలో ఏ మూలకి మాట్లాడినా విడిగా పైసా కట్టే పని లేదు. మీ కస్టమర్ ఇప్పటికే ఉచితంగా చేస్తున్న కాల్‌కి మీరు నిమిషాల లెక్కన బిల్లు కట్టడమే మీ విషయంలో టోల్‌ఫ్రీ అంటే.

పోనీ అమెరికా వాళ్ల కోసమా అంటే, మన 1800 నంబర్లు ఇండియా లోపల తిరగడానికే. డల్లాస్ నుంచి కొడితే మామూలుగా కలవవు. విదేశాల నుంచి కూడా పనిచేసే అంతర్జాతీయ ఫ్రీఫోన్ నంబర్లు వేరే ఉన్నాయి, వాటి ఖర్చు మీ స్థాయి వ్యాపారానికి తగదు. మీ పచ్చళ్లు ఎక్కువ కిలోలు తీసుకునేది ఆ అమెరికా వాళ్లే అయితే, సీసా మీద 1800 ఒక్కటే వేసి ఊరుకున్నారంటే మంచి కస్టమర్లకి తలుపు మూసినట్టే. వాళ్లకి కావాల్సింది వాట్సాప్ నంబర్. వేసవిలో న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదంటే మనకి మర్నాడు పొద్దున్న ఆరున్నర. వాళ్లు భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక తీరిగ్గా ఆర్డర్ పెట్టే వేళ అది. ఆ వేళకి ఫోన్ దగ్గర మీలో ఎవరో ఒకరు ఉండటం ఏ టోల్‌ఫ్రీ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇంకోటి, మామూలు వాట్సాప్ బిజినెస్ యాప్‌లో టోల్‌ఫ్రీ నంబర్ రిజిస్టర్ కాదు. ల్యాండ్‌లైన్ నంబర్ అయినా అవుతుంది గానీ 1800 కాదు. అంటే కాల్స్‌కి ఒక నంబర్, మెసేజ్‌లకి ఇంకో నంబర్ అవుతాయి. మీ సీసా పట్టుకున్న మనిషికి రెండు నంబర్లు చూపిస్తే ఏది దేనికో తెలియక తికమక పడతాడు. పచ్చళ్ల వ్యాపారంలో మాట, ఫొటో, లొకేషన్, యూపీఐ స్క్రీన్‌షాట్ అన్నీ ఒకే నంబర్‌లో జరగాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. రేట్లు కంపెనీకో తీరు, ప్లాన్‌కో తీరు. కాబట్టి ఊరికే ఒక లెక్క వేద్దాం, అంకెలు మీ ఏజెంట్ ఇచ్చినవి పెట్టి మళ్లీ మీరే వేసుకోండి. రోజుకి 40 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకోండి. పచ్చళ్ల కాల్ మూడు నిమిషాల్లో తెమలడమే తక్కువ. వెల్లుల్లి వేశారా, వేరుశనగ నూనా నువ్వుల నూనా, కారం ఎక్కువుంటుందా, పోయినసారి ఉప్పు కాస్త తగిలింది, ఇవన్నీ అయ్యాకే అడ్రసు. నెలకి 26 రోజులకి 3,120 నిమిషాలు. నిమిషానికి రూపాయిన్నర చొప్పున 4,680 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 5,522. ఏడాదికి 66 వేలు దాటింది, అద్దె ఇంకా కలపనే లేదు. ఇలా కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు (ఇన్‌పుట్ క్రెడిట్) మీకు లేకపోతే, అది పూర్తిగా మీ చేతి ఖర్చే.

ఆ రూపాయిన్నర ఎలా లెక్కపెడతారో కూడా అడగాలి. చాలా సిస్టమ్‌లలో కాల్ ముందు 1800 మీద దిగి, అక్కడి నుంచి మీ మొబైల్‌కి మళ్లుతుంది. వచ్చిన కాల్‌కి ఒక చార్జీ, మళ్లించిన కాల్‌కి ఇంకో చార్జీ వేసే కంపెనీలున్నాయి. ఏజెంట్ నోటితో చెప్పే రేటు మొదటిదే అయి ఉంటుంది. పల్స్, అంటే ఒక్కో చార్జీ పడే కాలం, 60 సెకన్లయితే 61వ సెకనుకి రెండో నిమిషం పడుతుంది. ‘మా సంస్థకు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు, తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అని రికార్డు మోగినంతసేపూ మీటర్ తిరిగేది మీ మీదే. లోన్ కావాలా అని, వెబ్‌సైట్ చేయిస్తారా అని వచ్చే కాల్స్‌కి కూడా మీరే కడతారు. 1800 నంబర్లు పట్టుకుని వరసగా చేసేవాళ్లు ఉంటారు, వాళ్లకి ఖర్చు లేదు కదా.

ఇంత ఖర్చు పెట్టినా అసలు సమస్య అక్కడే ఉంటుంది. నా దగ్గరకి ‘కాల్స్ రావట్లేదు, టోల్‌ఫ్రీ పెట్టించండి’ అని వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది వాళ్ల ఫోన్‌లో కాల్ లాగ్ చూపించమని. తెరిచి చూస్తే వరసగా ఎర్ర గీతలు. కాల్స్ వస్తూనే ఉన్నాయి, ఎత్తే మనిషి లేడు. ఆవకాయ సీజన్‌లో మీ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించగలను. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో ఉన్న నలుగురి చేతులూ మోచేతుల దాకా కారం, ఆవపిండి, నూనె. ఫోన్ కిటికీ గట్టు మీద మోగుతూ ఉంటుంది. చేయి కడుక్కుని తుడుచుకుని వచ్చేసరికి ఆగిపోతుంది. అవతల మనిషి ఇంకో పచ్చళ్లాయనకి కొట్టేసి ఉంటాడు. ఏడాదంతటిలో ఎక్కువ అమ్ముడయ్యేదీ అప్పుడే, ఎక్కువ ఆర్డర్లు పోయేదీ అప్పుడే. మీ ఫోన్ ఎత్తకపోతే 1800కి వచ్చిన కాల్ కూడా అదే కిటికీ గట్టు మీద మోగి ఆగిపోతుంది.

అందుకే ఒక వారం ఈ పని చేయండి. ఎత్తలేకపోయిన ప్రతి కాల్ ఏ రోజు, ఎన్ని గంటలకి వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. సాయంత్రం వాళ్లందరికీ తిరిగి చేయండి. ఎంతమంది ‘వేరే చోట తీసుకున్నామండీ’ అన్నారో, ఎంతమంది అప్పటికప్పుడు ఆర్డర్ ఇచ్చారో పక్కన గుర్తు పెట్టండి. కాల్స్ ఏ వేళల్లో పోతున్నాయో వారంలోనే తెలిసిపోతుంది. చాలామందికి అవి రెండు మూడు గంటల్లోనే కుప్పపడి ఉంటాయి. ఆ వేళకి ఫోన్ ఎత్తడానికి, అడ్రసులు రాయడానికి దగ్గర్లో చదువుకున్న అమ్మాయినో, రిటైరైన పెద్దాయన్నో పూట పనికి పెట్టుకోండి. పైన వేసిన 5,500 ఆ జీతానికి చాలావరకు సరిపోతుంది. ఆ మనిషి ఆర్డర్ తెస్తారు, నిమిషాల బిల్లు తేరు.

ఇక చాలా ముఖ్యమైన విషయం, ఏజెంట్లు ఎత్తని విషయం: నంబర్ ఎవరిది? మీ జేబులో ఉన్న పది అంకెల మొబైల్ నంబర్‌ని మీరు ఏ కంపెనీకైనా మార్చుకోవచ్చు. 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఆ పోర్టబిలిటీ ఉంది. మన దగ్గర 1800కి అలాంటి సౌకర్యం లేదు. ఆ నంబర్ టెలికాం కంపెనీ ఇచ్చింది, మధ్యలో ఇంటర్నెట్ మీద కాల్స్ నడిపే ఒక క్లౌడ్ టెలిఫోనీ సంస్థ ఉంటుంది, దాని కింద మీ ఏజెంట్ ఉంటాడు. సర్వీసు బాగాలేక ఇంకొకరి దగ్గరకి వెళ్తే నంబర్ అక్కడే వదిలేసి వెళ్లాలి. అమెరికాలో 1993 నుంచీ టోల్‌ఫ్రీ నంబర్‌ని వెంట తీసుకెళ్లే వీలుంది, దానికి మెసేజ్‌లు కూడా పంపుకోవచ్చు. అక్కడి వ్యాపార సలహాలు యూట్యూబ్‌లో చూసి ఇక్కడ అలాగే అనుకుంటే దెబ్బ తింటాం.

గుంటూరు వైపు కారం పొడి ప్యాక్ చేసే ఒకాయనకి ఇదే జరిగింది. తక్కువకి వస్తోందని మధ్యవర్తి దగ్గర నంబర్ తీసుకున్నారు, పౌచ్‌ల మీద ఎర్ర అక్షరాలతో వేయించుకున్నారు. ఏడాదిన్నరకి ఆ మధ్యవర్తి దుకాణం మూసేశాడు. నంబర్ మూగబోయింది. పౌచ్ ఫిల్మ్ మీరు వందో రెండొందలో వేయించుకునేది కాదు, రోల్స్ లెక్కన వస్తుంది. డిజైన్‌లో ఒక్క అంకె మారినా దానికి ప్రింటింగ్ సిలిండర్ మళ్లీ చేయించాలి. ఆయన ఇంటిల్లిపాదీ కూర్చుని పాత నంబర్ మీద స్టిక్కర్లు అంటించారు. అప్పటికే కొట్లలోకి వెళ్లిన సరుకు సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి లేబుల్ మీద వేసే నంబర్ మీ సొంతం అయి ఉండాలి. వ్యాపారానికి విడిగా ఒక సిమ్ తీసుకోండి, ఇంటి నంబర్‌తో కలపకండి. అది మీ పేరునో సంస్థ పేరునో ఉండాలి. షాపులో పనిచేసే కుర్రాడి ఆధార్ మీద సిమ్ తీసి అదే బోర్డు మీద రాయించినవాళ్లని చూశాను. కుర్రాడు మానేస్తే నంబర్ కూడా వెళ్లిపోతుంది. రీచార్జ్ తేదీ మర్చిపోవద్దు. వాడకుండా 90 రోజులు వదిలేసిన నంబర్‌ని కంపెనీ వెనక్కి తీసుకోవచ్చు.

పెద్ద కంపెనీలా కనిపిస్తారన్న రెండో మాట సగం నిజం. వాటర్ ప్యూరిఫయర్‌కి, మిక్సీకి, ఇన్వర్టర్‌కి అది బాగా పనికొస్తుంది. వారంటీ ఉన్న సరుకు కొనేవాడికి వెనకాల ఒక సంస్థ ఉందన్న ధైర్యం కావాలి. పచ్చడి కొనేవాడికి కావాల్సిన ధైర్యం వేరు. చేసిన మనిషి గొంతు వినపడాలి. ‘అమ్మా, ఈసారి మాగాయ ఎలా కుదిరింది?’ అని అడిగి, మీ ఆవిడ నోటి నుంచి జవాబు విని కొనే సరుకది. ఆ మనిషికి రికార్డు చేసిన గొంతు వినిపించి ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటే మీకున్న పెద్ద బలాన్ని మీరే పక్కన పెట్టుకున్నట్టు. పైగా మీరు తిరిగి చేసేటప్పుడు అవతల 1800 కనిపించదు. సిస్టమ్ వాడే ఇంకేదో నంబర్, ఒక్కోసారి వేరే రాష్ట్రం కోడ్‌తో, కనిపిస్తుంది. తెలియని నంబర్ అని ఎత్తరు.

ఏజెంట్ మూడో మాట, లేబుల్ సంగతి, ఒక్క ముక్కలో తేల్చేద్దాం. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు కోసం సంప్రదించాల్సిన పేరు, చిరునామా, ఫోన్ నంబర్, ఈమెయిల్ ప్యాకెట్ మీద ఉండాలి. టోల్‌ఫ్రీ అయి తీరాలని లేదు, మామూలు మొబైల్ నంబర్ చాలు. కానీ ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు పలకాలి. తప్పనిసరి అని భయపెట్టి అమ్మజూసిన ఏజెంట్ మిగతా విషయాల్లో ఎంత నిజం చెప్తాడో మీరే ఆలోచించండి.

ఇక ఎవరికి కావాలి? కొనేవాడికీ తయారుచేసేవాడికీ మధ్య డీలర్ ఉన్న వ్యాపారాలకి. ప్రకాశం జిల్లాలో పశువుల దాణా తయారుచేసే ఒక చిన్న కంపెనీకి నేను పట్టుబట్టి పెట్టించాను. వాళ్ల బస్తా కొనే రైతు కంపెనీని ఎప్పుడూ చూడడు, ఊళ్లో డీలర్‌నే చూస్తాడు. పాలు తగ్గినా, దాణా ముక్కిపోయిన వాసన వచ్చినా డీలర్‌తో గొణుక్కుని ఇంకో బ్రాండ్‌కి మారిపోతాడు తప్ప కంపెనీకి ఫోన్ చేయడు. మొబైల్ నంబర్ వేస్తే ఎవరిదో ఏమో అనుకుంటాడు. బస్తా మీద పెద్ద తెలుగు అక్షరాలతో ‘ఉచితంగా ఫోన్ చేయండి’ అని 1800 వేయించాం. అప్పటి నుంచి తెల్లవారుజామున పాలు పితికే వేళకే కాల్స్ మొదలయ్యేవి. బస్తా మీది బ్యాచ్ నంబర్ చదవమని అడిగితే, ఏ డీలర్ పాత స్టాక్ అంటగడుతున్నాడో తేలిపోయింది. ఆ రైతుకి కూడా కాల్ ఖర్చు అడ్డు కాదండీ. ‘ఉచితం’ అన్న మాట చూసి, ఈ కంపెనీ నా మాట వినాలనుకుంటోంది అని అర్థం చేసుకున్నాడు. విత్తనాలు, పురుగుమందులు, డ్రిప్ పరికరాలు, బోరు మోటార్ల కంపెనీలకి ఇదే వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2004 జనవరిలో మొదలుపెట్టిన కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551తో నడుస్తున్నది కూడా అందుకే. రైతుకి ఆ నంబర్ మీద సంకోచం ఉండదు.

నాలుగైదు రాష్ట్రాల్లో సర్వీస్ ఇంజనీర్లు ఉన్నవాళ్లకి, టీవీలో గోడల మీద ప్రకటనలు ఇచ్చి ఒక్కసారిగా వందల కాల్స్ అందుకునేవాళ్లకి, ఆస్పత్రులకి కూడా ఖర్చు గిట్టుబాటవుతుంది. వాళ్ల దగ్గర ఎత్తడానికి మనుషులు ముందే ఉంటారు. 1860తో మొదలయ్యే నంబర్‌ని టోల్‌ఫ్రీ లాంటిదే అని అంటగట్టే ప్రయత్నం కూడా జరుగుతుంది. అది ఉచితం కాదు, చార్జీ ఫోన్ చేసేవాడి మీద పడుతుంది. చిన్న వ్యాపారం దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మీ మటుకు చేయాల్సింది ఇంతే. ఇప్పుడు లేబుల్ మీద ఉన్న నంబర్ మీ పేరునే ఉంటే దాన్నే ఉంచండి. అదే నంబర్ మీద వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి, అది ఉచితం. క్యాటలాగ్‌లో ప్రతి పచ్చడికీ పావు, అర, కిలో ధరలు పెట్టండి. రాత్రివేళ వచ్చే మెసేజ్‌కి ‘పొద్దున్న ఆరింటికి జవాబిస్తాం’ అని దానంతటదే వెళ్లేలా ‘ఎవే మెసేజ్’ (away message) పెట్టుకోవచ్చు. ఒకే అకౌంట్‌ని ఇంకో నాలుగు పరికరాల్లో తెరుచుకోవచ్చు కాబట్టి పూట పనికి వచ్చే మనిషి వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కూర్చుని ఆర్డర్లు చూస్తారు. ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిస్తే ‘బిజీగా ఉంటే’, ‘ఎత్తకపోతే’, ‘అందకపోతే’ అని విడివిడిగా ఉంటాయి. ఎత్తకపోతే రెండో నంబర్‌కి వెళ్లేలా పెట్టండి, మీ నెట్‌వర్క్‌లో పనిచేస్తోందో లేదో ఇంకో ఫోన్ నుంచి కొట్టి చూడండి. దీన్ని మీరే సెట్టింగ్స్‌లో చేసుకోవాలి. ఎవరో ఫోన్ చేసి ఫలానా కోడ్ కొట్టండి అంటే కొట్టకండి. ఆ దారిలో ఓటీపీలు కొల్లగొట్టే మోసాలు పెరగడంతోనే 2024 ఏప్రిల్ 15 నుంచి, స్టార్, హ్యాష్‌లతో కొట్టే యూఎస్‌ఎస్‌డీ కోడ్‌లతో చేసే ఫార్వర్డింగ్ ఆపేయమని టెలికాం శాఖ ఆదేశించింది.

గూగుల్ మ్యాప్స్‌లో మీ పేరుతో ఉన్న పేజీని మీ అధీనంలోకి తెచ్చుకోండి. అక్కడి నంబర్‌ని మార్చమని ఎవరైనా సూచన పంపగలరు. నెలకోసారైనా చూసుకోకపోతే మీ పేరు మీద వేరేవాడు డబ్బు వసూలు చేసే ప్రమాదం ఉంది, దానికి 1800 ఏ రక్షణా ఇవ్వదు.

ఒకవేళ ఇద్దరు ముగ్గురు ఫోన్ ఎత్తే స్థాయికి వచ్చి, కాల్స్ పంచడం, రికార్డు చేయడం కావాలనిపిస్తే, అప్పుడు కూడా ముందు మామూలు వర్చువల్ నంబర్ (సిమ్ లేకుండా సిస్టమ్ మీద నడిచే నంబర్) చూడండి. ఆ సౌకర్యాలన్నీ దానిలోనూ వస్తాయి, వచ్చే కాల్ ఖర్చు చేసినవాడి ప్యాక్‌లోనే పోతుంది. లేబుల్ మీది మీ సొంత నంబర్‌ని దానికి ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది. కంపెనీ నచ్చకపోతే ఫార్వర్డింగ్ తీసేస్తారు, లేబుల్ మారదు.

ఏజెంట్‌తో మాట్లాడటం మానొద్దు గానీ ఏడాది డబ్బు ఒకేసారి మాత్రం కట్టొద్దు. నెలవారీ ఇస్తారా, పల్స్ ఎంత, మళ్లించిన కాల్‌కి వేరే చార్జీ ఉందా, నంబర్ కాగితాల్లో ఎవరి పేరున ఉంటుంది, వాడని నిమిషాలు వచ్చే నెలకి వస్తాయా అని అడిగి, జవాబులు ఈమెయిల్‌లో రాసి పంపమనండి. వారం కాల్ లాగ్ రాశాక ఎత్తనివి ఎన్ని, ఏ వేళలో వచ్చాయో ఇక్కడ పెట్టండి. పూట మనిషి సరిపోతారా, వర్చువల్ నంబర్ దాకా వెళ్లాలా అన్నది ఆ అంకెలు చూసి చెప్తాను.